రెండు కడియాల గంగాళం

ఆ ఊళ్ళో అద్దెలు కాగితం మీద రాసుకోరు. చెంబుతో పోసుకుంటారు.

ఇల్లు ఇచ్చే మనిషి కొమ్ముచెంబు నిండా నీళ్ళు పట్టుకుని గడప లోపల నిలబడాలి. తీసుకునే మనిషి గడప బయట నిలబడి దోసిలి పట్టాలి. నీళ్ళు ధారగా పడుతున్నంతసేపూ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటే అదే ఒప్పందం. ధార తెగిన తరవాత ఎంత మంచి మాట అన్నా అది ఒప్పందంలోకి రాదు. ఉత్త కబుర్ల కిందే లెక్క.

అందుకని ఆ ఊరివాళ్ళకి చెంబు వంచడం ఒక విద్య. ఇష్టం లేని మనిషికి ఇల్లివ్వాల్సొస్తే ఒక్కసారిగా గుమ్మరించి చేతులు దులుపుకుంటారు. ఇష్టమైన మనిషికైతే దారమంత సన్నగా పోస్తారు. అంత సన్నగా పోస్తే పెరట్లో మునగకాయల్లో ఎవరి వాటా ఎంతో, అటక మీద పిల్లి ఎవరికి చెందుతుందో కూడా తీరిగ్గా తేల్చుకోవచ్చు.

నిషేధం ఒక్కటే. ధార పడుతుండగా అశుభం మాటలు అనకూడదు. చావు, దొంగ, నిప్పు, మురుగు లాంటివి నోట్లోంచి రాకూడదు. కొత్తగా కాపురానికి వచ్చిన మనిషి చేతుల్లో మంచినీళ్ళు పోస్తూ మురుగు మాట ఎత్తడమేమిటి అసహ్యంగా, అని వాళ్ళ ఉద్దేశం. మర్యాదస్తుల ఊరు. మర్యాద పాలు కాస్త ఎక్కువైన ఊరు. నాకు ఆ ఊరంటే ఇష్టం కాబట్టి ఇంతకంటే ఏమీ అనను.

ఆ ఊళ్ళో మెరక మీద ఒక ఇల్లుంది. పెరట్లో బావి ఉండటం వల్ల ఆ ఇంటామెని అందరూ బావి ఇంటావిడ అంటారు. ఆవిడ ఒంటి మనిషి. ఇంటి ముందు భాగం ఎప్పటినుంచో తాళం వేసి ఉంది. అద్దెకివ్వమని చాలామంది అడిగారు. ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. డబ్బుకి లోటు లేదు. ఉన్న లోటల్లా ఇంట్లో చప్పుడు లేకపోవడమే, కానీ ఆ సంగతి ఆవిడకే సరిగ్గా తెలీదు.

ఒక ఎండాకాలం పొద్దున ఒక అద్దకాలాయన మూట భుజాన వేసుకుని ఆ గుమ్మంలో ఆగాడు. బట్టల మీద రంగులద్దడం ఆయన పని. దాహమంటే ఆవిడ చెంబుతో నీళ్ళూ, చిన్న బెల్లం ముక్కా ఇచ్చింది. ఆయన బెల్లం పక్కన పెట్టి, ముందు నీళ్ళు నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏం నాయనా, చప్పగా ఉన్నాయా?" అంది ఆవిడ.

"పిన్నిగారూ, మీ పొయ్యి ఒకసారి వాడుకోవచ్చా?" అన్నాడాయన.

దాహానికొచ్చినవాడు పొయ్యి అడగడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అయినా సరేనంది. ఆయన మూటలోంచి ఎండు వేళ్ళు కొన్ని తీసి, బావి నీళ్ళలో వేసి ముంతలో కాచాడు. పటిక పట్టించిన చిన్న గుడ్డపేలిక అందులో వేశాడు. తీసి చూసేసరికి పేలిక ఎర్రగా ఉంది. మందారం లోపలి ఎరుపు.

ఆయన ఆ పేలికని మొహానికి అద్దుకున్నాడు.

"ఇదే వేరు, ఇదే పటిక. ఒక ఊరి నీళ్ళలో ఇటుక రంగు వస్తుంది, ఒక ఊరి నీళ్ళలో తుప్పు రంగు వస్తుంది. మా నాన్న ఈ ఎరుపు కోసం బతికినంతకాలం బావులు చూసుకుంటూ తిరిగాడు. చూడకుండానే పోయాడు. ఈ బావి నాకు కావాలి పిన్నిగారూ. ఇక్కడ చోటు లేకపోతే నేను మళ్ళీ రోడ్డెక్కాలి."

ఆవిడ లోపలికెళ్ళి తాళంచెవి వెతికింది. దొరకడానికి చాలాసేపు పట్టింది. తుప్పు పట్టిన తాళం తీయడానికి ఇంకాసేపు పట్టింది. ఆయనే కొబ్బరినూనె చుక్క వేసి తీశాడు.

మర్నాడు ఒప్పందం. ఊరి పెద్దాయన సాక్షిగా వచ్చి అరుగు మీద కూచున్నాడు. పళ్ళెం పట్టడానికి పూలావిడ వచ్చింది. మెరకకి దిగువన కనకాంబరాల మడి ఆవిడది. దోసిట్లోంచి పొర్లిన నీళ్ళు నేలపాలు కాకుండా కింద ఇత్తడి పళ్ళెం పట్టడం ఆవిడ వంతు. ఎవరూ అప్పగించిన పని కాదు. మొదట ఒకసారి పట్టింది, తరవాత అందరూ పిలవడం మొదలుపెట్టారు. పళ్ళెంలో నీళ్ళు తీసుకెళ్ళి కనకాంబరాలకి పోసుకునేది. మంచి మాటలు విన్న నీళ్ళు కాబట్టి పూలు తొందరగా వాడవని ఆవిడ నమ్మకం.

బావి ఇంటావిడ చెంబు వంచింది. ఊళ్ళో అంత సన్నటి ధార ఎవరూ చూడలేదు.

"బావి నీళ్ళు పొద్దుగూకేదాకా ఎంత కావాలంటే అంత తోడుకో," అంది ఆవిడ.

"చేంతాడు అరిగితే కొత్తది నాది," అన్నాడాయన.

"పెంకులు జారితే నేయించేది నేను."

"అరుగు అలికేది నేను."

"అటక మీద పిల్లి ఉంది. అది ఇంటితోబాటే."

"పాలు పోస్తానండి."

"ఇత్తడి గంగాళం ఉంది, రెండు కడియాలది. మా అత్తగారి కాలం నాటిది. నీ రంగులకి వాడుకో."

"కళ్ళకద్దుకుని వాడుకుంటాను పిన్నిగారూ."

చెంబులో ఇంకా కొంచెం నీళ్ళున్నాయి. రోజూ గంగాళాలకొద్దీ తోడిన నీళ్ళు రంగు కడిగాక ఎక్కడికి వెళ్తాయి అన్న ప్రశ్న ఇద్దరి మనసులోనూ సరిగ్గా అదే క్షణంలో వచ్చింది. ఇప్పుడీ మాట ఎత్తితే ఈ అబ్బాయి చిన్నబుచ్చుకుంటాడేమో అనుకుంది ఆవిడ. ఇప్పుడీ మాట ఎత్తితే ఈవిడ భయపడి తాళం వేసేసుకుంటుందేమో అనుకున్నాడాయన. ఆవిడ ఆయన్ని చూసి నవ్వింది. ఆయన ఆవిణ్ణి చూసి నవ్వాడు. ధార తెగింది.

"తెగింది," అన్నాడు పెద్దాయన. పూలావిడ పళ్ళెం ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అద్దకాలాయన వచ్చాక ఆ ఇంటికి ప్రాణం వచ్చింది. పొద్దున్నే గిలక కీచుమనేది. బండ మీద బట్ట బాదుతున్న చప్పుడు ఊళ్ళోకి వినపడేది. కరక్కాయ నానబెట్టిన వగరు వాసన, వేళ్ళు ఉడుకుతున్న మట్టి వాసన వంటింటిదాకా వచ్చేవి. బావి ఇంటావిడ పచ్చిపులుసు చేస్తే ఒక గిన్నె ముందు భాగానికి వెళ్ళేది. ఆ గిన్నె ఉత్తగా తిరిగి రాకుండా అందులో మునగకాయలో, జామకాయలో వచ్చేవి. మొదటి చీర ఎర్రగా పండిన రోజు ఆయన దాన్ని ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ ఎరుపు నిలవడమే ఆయనకి బతుకు, ఆయన నిలవడమే ఆవిడకి ఊరట. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

పని అయ్యాక ఆయన గంగాళాన్ని ఒక కడియం పట్టుకుని గడపదాకా ఈడ్చుకొచ్చి వంచేసేవాడు. పటిక వగరూ, నల్లరంగుకి నానబెట్టిన ఇనపతుప్పూ, వేళ్ళ మడ్డీ మోసుకుంటూ నీళ్ళు గడప దిగేవి.

మొదటి రోజు నీళ్ళు గడప దగ్గర ఆగి అడిగాయి. "అయ్యా, మేమెవరి నీళ్ళం?"

ఆయన ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. "నేను అద్దెకి తీసుకుంది గడపదాకానే తల్లీ. గడప దాటాక పిన్నిగారిది కదా."

నీళ్ళు వాకిలి దాటి వంటింటి గుమ్మం ముందుకి వచ్చాయి. "అమ్మా, మేమెవరి నీళ్ళం?"

బావి ఇంటావిడ జాలిగా చూసింది. "నేనిచ్చినవి తెల్లగా ఉన్నాయి తల్లీ. ఇవి నావిలా లేవే. అబ్బాయిని అడిగి చూడు."

నీళ్ళకి పల్లం తప్ప ఇంకేమీ తెలీదు. దిగువకి వెళ్ళి కనకాంబరాల మడిలో నిలబడ్డాయి. పూలావిడ చేసంచి పక్కన పెట్టి చూసింది. ఎవరో పొరపాటున వంచేశారనుకుంది. రెండోసారి కూడా పొరపాటే అనుకుంది. ఆ తరవాత ఆకులు అంచుల్లో మాడడం మొదలుపెట్టాయి. పూలు చిన్నవైపోయాయి.

వేరే ఊళ్ళో అయితే ఆవిడ కొంగు బిగించి మెరకెక్కి ఇద్దర్నీ కడిగేసేది. ఆ ఊళ్ళో అలా చెయ్యరు. ఆవిడ మడి పైగట్టున మోకాలెత్తు మట్టికట్ట వేసింది. బావి ఇంటావిడ కనిపించి "ఏమిటే అమ్మాయ్, కట్ట వేస్తున్నావు?" అంటే, "చీమలొస్తున్నాయత్తా," అంది.

కట్ట తగిలి నీళ్ళు వెనక్కి మళ్ళి వంటింటి ముందుకి వచ్చాయి. మర్నాడు బావి ఇంటావిడ వంటింటి ముందు బంకమట్టితో అడ్డుగట్టు పెట్టింది. అద్దకాలాయన చూసి "ఏంటి పిన్నిగారూ, నేను పెట్టనా?" అంటే, "ముగ్గు చెరిగిపోతోంది నాయనా, అంతే," అంది.

నీళ్ళు మళ్ళీ వెనక్కి మళ్ళి ముందు భాగం గడప దాటి లోపలికి వచ్చాయి. ఆరబెట్టిన బట్టల అంచులు తడిశాయి. అద్దకాలాయన గడప మీద ఇటికలు పేర్చి సున్నంతో అతికాడు. ఆవిడ అడిగితే, "చలిగాలి కొడుతోందండి," అన్నాడు. అది నడి ఎండాకాలం. ఆవిడ "అవునవును, చలికాలం ముందే వస్తోంది," అంది.

ఇన్ని కట్టల మధ్యా పచ్చిపులుసు గిన్నెలు ఆగలేదు. పూలావిడ కూడా వారం వారం మాలలు కట్టి పంపుతూనే ఉంది, కాకపోతే పూలు తగ్గినందుకు మధ్యలో మరువం ఎక్కువ పెట్టేది. ఒకరి మీద ఒకరికి కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. ఎవరో ఒకరు నోరు తెరిచేవాళ్ళు.

మూడు వైపులా కట్టలు లేచాక నీళ్ళకి ఒకే చోటు మిగిలింది. బావి పక్కన, తోడేవాళ్ళ కాళ్ళు తొక్కి తొక్కి పల్లమైన గుంట. అక్కడ చేరాయి. అక్కడ ఎవరూ వాటిని ఏమీ అనలేదు. కూచున్నాయి, మెల్లగా నేలలోకి దిగాయి. తాము పుట్టిన చోటు దగ్గర్లోనే ఉందని వాటికి తెలిసింది.

తొలకరికి ముందు ఒక పొద్దున అద్దకాలాయన గంగాళంలోంచి బట్ట తీశాడు. తుప్పు రంగు.

వేళ్ళు మార్చాడు. తుప్పు రంగే. పటిక మార్చాడు. మళ్ళీ తుప్పు రంగే. చెంబుతో బావి నీళ్ళు తీసి నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. ఆ వగరు ఆయన చేతులారా కలిపిందే.

బావి ఇంటావిడ అన్నం వండితే మెతుకులు నల్లగా వచ్చాయి. ఆవిడ ఆ అన్నం ఎవరికీ చూపించకుండా చెట్టు మొదట్లో పోసి, మధ్యాహ్నం అటుకులు తింది. బావి పాడైందని ఆయనకి చెప్తే వెళ్ళిపోతాడు. ఆ భయంతో ఆవిడ నోరు మెదపలేదు.

అద్దకాలాయన బండ మీద కూచుని తుప్పు రంగు చీర మడతపెట్టాడు. బావిని పాడుచేసింది నేనే, ఇంకా ఇక్కడే ఉంటే ఈవిడకి తాగడానికి కూడా నీళ్ళు మిగలవు, అనుకున్నాడు. ఎరుపు పోయినందుకు ఏడుపొచ్చింది. ఆవిడకి ఆ మాట ఎలా చెప్పాలో తెలీక ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. చివరికి పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "ఇల్లు వదిలేస్తానండి, చెంబు తిరగెయ్యాలి," అన్నాడు.

ఇల్లు వదిలేటప్పుడు ఆ ఊళ్ళో చెంబు చేతులు మారుతుంది. ఇప్పుడు పోసేది అద్దెకున్న మనిషి, దోసిలి పట్టేది ఇంటావిడ. ధార పడుతుండగా చెప్పుకోవాల్సినవి చెప్పుకుంటారు. తెగాక ఆ మనిషి మూటతో వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. ఆ బావి నీళ్ళు మళ్ళీ తాగకూడదు.

ఆ రోజు ఊళ్ళో చాలామంది వచ్చారు. పెద్దాయన అరుగు మీద కూచున్నాడు. పూలావిడ వచ్చింది గానీ పళ్ళెం తేలేదు.

"పళ్ళెమేదమ్మా?" అన్నాడు పెద్దాయన.

"నేను పట్టను పెద్దాయనా," అంది ఆవిడ. ఆ ఊళ్ళో కాదనడం అంత తేలిక కాదు. "ఇన్నేళ్ళుగా మీ అందరి ఒప్పందాల కిందా పళ్ళెం పట్టాను. అందులో నీళ్ళు ఎక్కడికి పోయాయని ఒక్కరైనా అడిగారా? నేను మోసుకెళ్ళాను కాబట్టి మీకు అడగాల్సిన పని పడలేదు. పూలు బాగున్నన్నాళ్ళూ మోశాను. ఇప్పుడు నా మడిలో పూలు లేవు. ఈసారి మీ నీళ్ళు మీరే చూసుకోండి."

పెద్దాయన గొంతు సవరించుకుని "సరే, కానివ్వండి," అన్నాడు.

అద్దకాలాయన చెంబు వంచాడు. ఆయన చెయ్యి కూడా ఆవిడ చెయ్యిలాగే సన్నగా పోసింది. నీళ్ళు గోధుమరంగులో ఉన్నాయి. బావి ఇంటావిడ దోసిట్లో పడుతున్నాయి.

"మాట్లాడండమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆవిడ గోధుమరంగు నీళ్ళ వైపు చూస్తూ, "పిల్లికి అలవాటయ్యావు," అంది.

"పాలు పోసే వేళకి అదే వస్తుందండి," అన్నాడాయన.

అంతకంటే ఇద్దరికీ మాట రాలేదు. దోసిలి నిండింది. పొర్లిన నీళ్ళు పళ్ళెం లేక నేల మీద పడి, పల్లం వైపు పాకడం మొదలుపెట్టాయి. మాట అనేసి దిగువకి వెళ్ళిపోయిన పూలావిడ పల్లం చివర నిలబడి ఉంది. ఆవిడ కాళ్ళ వెనక మాడిన మడి.

అద్దకాలాయన ఆ నీటిపాయని చూశాడు. ఎవరూ చెప్పకుండానే ఎడమచెయ్యి చాపి ఆవిడ దోసిలి కింద పట్టాడు. పొర్లేవి ఆయన అరచేతిలో పడ్డాయి.

చెంబు ఖాళీ అయింది. పెద్దాయన "తె..." అనబోయి ఆగాడు.

చెంబులోంచి పడటం ఆగింది నిజమే. ఆవిడ వేళ్ళ సందుల్లోంచి ఆయన చేతిలోకి మాత్రం ఇంకా పడుతూనే ఉంది. ఆయన చెంబు కింద పెట్టి రెండో చెయ్యి కూడా కలిపి దోసిలి చేశాడు. ఆవిడ దోసిలి ఖాళీ అవుతుండగా ఆయన తన చేతులు పైకెత్తి ఆవిడ దోసిట్లోకి వంచాడు. ఆవిడ మళ్ళీ ఆయన చేతుల్లోకి వంచింది.

పెద్దాయన నిజాయితీపరుడు. పడుతున్న ధారని తెగిందని ఎలా అంటాడు? తల గోక్కుని అరుగు మీద సర్దుకుని కూచున్నాడు.

"నాయనా," అంది బావి ఇంటావిడ, "ఏదైనా చెప్పాలనుంటే చెప్పు. కారిపోతున్నాయి."

ఆయన నోరు తెరిచి మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"మురుగు," అన్నాడు.

జనం ఉలిక్కిపడ్డారు. ధార పడుతుండగా ఆ ఊళ్ళో ఆ మాట ఎవరూ అనగా వినలేదు. ఆకాశం ఊడి మీద పడలేదు. గిలక మీద కూచున్న కాకి కూడా కదల్లేదు.

"మురుగు నాది పిన్నిగారూ. నేను చేసిందే. మొదటి రోజే అడగాలనుకున్నాను, మీరేమనుకుంటారోనని అడగలేదు."

"నేనూ అడగాలనుకున్నాను," అంది ఆవిడ. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. వాటిని తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను. మెతుకులు నల్లగా వస్తే పారబోశాను. నువ్వెళ్ళిపోతావని."

"మరి మీరేం తిన్నారు?"

"అటుకులు తిన్నాను. ముందు నీళ్ళ సంగతి చూడు."

నీళ్ళు చేతులు మారుతున్నకొద్దీ తగ్గుతున్నాయి. ఇద్దరూ తొందర తొందరగా మాట్లాడారు. అన్ని నెలల మొహమాటం అప్పుడు వదిలింది.

"రంగు నీళ్ళు గడప బయట వంచను. అది నా మాట."

"తూర్పున తుంగ మొలిచే బీడు ఉంది. బావికి దూరం, మడికి దూరం. చోటు నాది, తీసుకో."

"గుంట తవ్వేది నేను. ఇసకా బొగ్గూ నింపేది నేను. అందులోంచి దిగాకే నేలలోకి పోతాయి."

"ఈ అడ్డుగట్లన్నీ?"

"నా ఇటికలు నేను పీకేస్తాను."

"నా గట్టు నేను చెరిపేస్తాను. మరి అమ్మాయి మడి?"

"మడిలో మట్టి తీసి కొత్తమట్టి నేను పోస్తాను. పూలు మళ్ళీ పూసేదాకా పని పడ్డప్పుడల్లా నేనే వస్తాను అక్కా," అని పల్లం వైపు తిరిగి గట్టిగా అన్నాడు.

పూలావిడ ముక్కు ఎగబీల్చింది. మెరక వైపు ఒక అడుగు వేసింది.

"మరి రోజూ ఇంటి దగ్గర్నుంచి ఆ గుంటదాకా మోసేదెవరు?" అంది బావి ఇంటావిడ.

ఆయన జవాబు చెప్పేలోగా చివరి చుక్క వేలి కొసనుంచి జారింది. ధార తెగింది.

"తెగింది," అన్నాడు పెద్దాయన. ఈసారి ఆ మాట చాలా నెమ్మదిగా అన్నాడు.

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇది ఇల్లు వదిలే ఒప్పందమా, కొత్తగా తీసుకున్నదా అని ఒకాయన అడిగాడు. తవ్వుతానన్నాడు, చోటిస్తానంది, వదిలేస్తానని మాత్రం ఎవరూ అనలేదు కదా, అన్నాడు పెద్దాయన. మోసే సంగతి తేలలేదే, అన్నారు ఇంకొకరు. తేలలేదు, అన్నాడు పెద్దాయన. ధారలోకి రాని మాట. దానికి ఎవరూ కట్టుబడి లేరు.

గుంట తవ్వడం అయింది. ఇటికలూ గట్టూ కట్టా మూడూ పోయాయి. వానలు పడ్డాయి. బావి నీళ్ళు ఊరుతూ తోడుతూ ఉండగా మెల్లగా తేటపడ్డాయి. అన్నం తెల్లబడింది. ఎరుపు తిరిగొచ్చింది గానీ మొదటి ఎరుపు కాదు, దానికంటే పిసరంత ముదురు. అద్దకాలాయన దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. నాన్న వెతికింది ఇది కాదనుకున్నాడు. ఆయన చూసుంటే ఇదే కావాలనేవాడు అని కూడా అనుకున్నాడు.

ఆ ఊళ్ళో ఇప్పుడు చెంబు వంచగానే ముందు మురుగు సంగతే మాట్లాడుకుంటారు. అలవాటు లేని మాట కదా, దొరికిందే చాలని అందరూ దాని మీదే పడ్డారు. ఈమధ్య ఒకాయన మురుగు గురించి అంత వివరంగా మాట్లాడి, తీరా ధార తెగాక ఇంటికి తలుపు లేదని గుర్తించాడు. ఆ తలుపు తగువు ఇంకా నడుస్తోంది. పళ్ళెం పూలావిడే పడుతోంది. కాకపోతే ఇప్పుడు ఇల్లిచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ పళ్ళెంతోబాటు మడిదాకా నడిచి వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళ చేత ఆవిడ కలుపు కూడా పీకిస్తోంది.

మోసే సంగతి మాత్రం తేలకుండానే ఉంది. పెద్దాయన రెండు మూడుసార్లు, ఇంకోసారి చెంబు వంచుకుని అదీ అనేసుకోండి, అన్నాడు. అలాగేనండి, అన్నారు ఇద్దరూ. ఎప్పుడూ వంచుకోలేదు.

రోజూ పని అయ్యాక గంగాళం నిండా నీళ్ళు గడప లోపల నిలబడి ఉంటాయి. అద్దకాలాయన వంగి ఒక కడియం పట్టుకుంటాడు. రెండో కడియం ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. ఆయన పిలవడు. బావి ఇంటావిడ చేతిలో పని వదిలి, కొంగు దోపుకుని, నడుం పట్టుకుని మూలుగుతూ వచ్చి రెండో కడియం పట్టుకుంటుంది. రావాలని ఆవిడకి ఏ ఒప్పందమూ లేదు.

ఇద్దరూ ఒకేసారి లేపుతారు. ఒకరు తొందరపడితే ఇద్దరి కాళ్ళ మీదా పడతాయి. అందుకని ఆయన ఆవిడ నడకకి తగ్గి నడుస్తాడు. ఆవిడ ఆయన పొడుగుకి సరిపడా చెయ్యి ఎత్తి పట్టుకుంటుంది. పిల్లి వెనకాలే వస్తుంది.

దారిలో నీళ్ళు అలవాటుకొద్దీ అడుగుతాయి. "మేమెవరి నీళ్ళం?"

ఇద్దరూ గంగాళం తొణక్కుండా చూసుకుంటుంటారు.